ఉప్పుగాలిలో ఏడాదిన్నర: మా సైకిల్ యూ-లాక్ ఎలా ఉందంటే

మా ఇల్లు విశాఖపట్నంలో, లాసన్స్ బే కాలనీలో. బాల్కనీలోంచి సముద్రం కనిపించదు గానీ గాలి మాత్రం నేరుగా వంటింట్లోకి వస్తుంది. ఏటా రంగు వేయించినా కిటికీ గ్రిల్స్ తుప్పు పట్టి పెచ్చులూడతాయి. గొళ్ళేలు బిగుసుకుపోతాయి. బీరువా తాళం తీయాలంటే ఒక్కోసారి రెండు చేతులూ పెట్టాల్సొస్తుంది. ఇదంతా ముందే ఎందుకు చెప్తున్నానంటే, నేను రాయబోయేది ఒక సైకిల్ తాళం గురించి. ఆన్‌లైన్‌లో ఈ తాళాల కింద రాసినవాళ్ళలో చాలామంది కొన్న వారానికే ఐదు స్టార్లు ఇచ్చేశారు. మా ఊరికి వారం సరిపోదు. నేను 2024 జనవరిలో కొన్నాను. రెండు వేసవులు, ఒక పూర్తి వానాకాలం గడిచాక ఇప్పుడు రాస్తున్నాను.

ఇది యూ-లాక్, అంటే యూ ఆకారపు ఉక్కు కడ్డీ చివర్లు అడ్డంగా ఉండే తాళంలోకి దూరే రకం. కంపెనీ పేరు కావాలనే రాయడం లేదు. అచ్చం ఇదే తాళం, ఇదే తాళంచెవి, పైన స్టిక్కర్ మాత్రం మారి మూడు పేర్లతో అమ్మడం నేను చూశాను. కాబట్టి పేరు కన్నా కొలతలు చెప్తే మీకు ఉపయోగం. యూ ఆకారంలో వంచిన ఉక్కు కడ్డీ లావు 14 మిల్లీమీటర్లు. లోపలి ఖాళీ పదిన్నర సెంటీమీటర్ల వెడల్పు, 20 సెంటీమీటర్ల పొడవు. దాంతోపాటు రెండు చివర్లా ఉంగరాల్లా మడిచిన 120 సెంటీమీటర్ల స్టీల్ తాడు, సైకిల్‌కి బిగించుకునే ప్లాస్టిక్ బ్రాకెట్, మూడు తాళంచెవులు. నేను పెట్టింది 1,650 రూపాయలు. కిరాణా కొట్లో తూకం వేయిస్తే తాళం ఒక్కటే కేజీ నూట ఎనభై గ్రాములు తూగింది.

ఇంత బరువు ఎందుకు మోస్తున్నానో చెప్పాలంటే మా వాడి సైకిల్ పోయిన సంగతి చెప్పాలి.

వాడు తొమ్మిదో తరగతిలోకి వచ్చినప్పుడు గేర్ల సైకిల్ కొన్నాం. 13,500. నేను డయాగ్నస్టిక్ ల్యాబ్‌లో టెక్నీషియన్‌ని, మాకది చిన్న మొత్తం కాదు. నాలుగు నెలలు చీటీ డబ్బులు పక్కన పెట్టి కొన్నాం. సైకిల్‌తో పాటు ఒక నంబర్ లాక్ కూడా ఇచ్చారు. నల్లగా, బొటనవేలంత లావున, చూడ్డానికి చాలా గట్టిగా ఉంది. 2023 డిసెంబర్‌లో ఒక సాయంత్రం వాడు ట్యూషన్‌కి వెళ్ళి, పక్కింటి ఇనుప గేటుకి సైకిల్ కట్టి లోపలికి వెళ్ళాడు. గంటన్నర తర్వాత బయటికొస్తే గేటు దగ్గర తెగిన తాళం మాత్రం పడి ఉంది. హెల్మెట్ ఒక చేత్తో, ఆ తాళం ఒక చేత్తో పట్టుకుని ఇంటికి నడిచొచ్చాడు. తలుపు తీయగానే వాడన్న మొదటి మాట, "అమ్మా, నేను నంబర్ కలిపే వెళ్ళాను, నిజంగా." సైకిల్ పోయినందుకు కన్నా, తాళం వేయలేదని మేం అనుకుంటామేమోనన్న వాడి భయం చూసి నాకు ఎక్కువ బాధ కలిగింది.

ఆ రాత్రి నిద్ర పట్టక, తెగిన తాళం ముక్కని వంటింటి గట్టు మీద పెట్టి బ్లేడుతో పై తొడుగు చీరాను. లోపలున్న స్టీల్ తాడు పెన్సిల్ కన్నా సన్నంగా ఉంది. అది కూడా ఒకే కడ్డీ కాదు, వెంట్రుకల్లాంటి తీగలు పురి పెట్టి పేనినది. తెగిన చోట తీగలు చీపురు కొసలా విచ్చుకుని ఉన్నాయి. అంటే ఒక్క దెబ్బకి కాకుండా, చిన్న కటింగ్ ప్లేయర్‌తో కొంచెం కొంచెంగా కొరుక్కుంటూ పోయారు. బొటనవేలంత లావులో చాలా భాగం ప్లాస్టిక్కే. మా వాడి తప్పేమీ లేదు. వాడు గేటుకే కట్టాడు, నంబర్ కలిపాడు. మేం వాడి చేతికిచ్చిన వస్తువే చాలలేదు.

పోలీస్ స్టేషన్‌కి వెళ్తే ఎస్సై గారు మర్యాదగానే మాట్లాడారు. బిల్లు ఉందా అని అడిగారు, ఉంది. ఫ్రేమ్ నంబర్ అడిగారు. అలాంటిది ఒకటి ఉంటుందనే మాకు తెలీదు. బిల్లు మీద రాయలేదు, మేం ఫొటో తీసుకోలేదు. ఆ నంబర్ చాలా సైకిళ్ళకి పెడల్స్ తిరిగే చోట, ఫ్రేమ్ అడుగున కొట్టి ఉంటుంది. సైకిల్‌ని తలకిందులుగా నిలబెట్టి తడిగుడ్డతో తుడిస్తే కనిపిస్తుంది. రేపు ఎక్కడో ఒక ఎర్ర సైకిల్ దొరికినా, అది మా వాడిదే అని చెప్పడానికి ఆ నంబర్ తప్ప వేరే ఆధారం లేదు. అప్పట్లో దొంగతనం కేసు ఐపీసీ 379 కింద ఉండేది. 2024 జులై 1 నుంచి భారతీయ న్యాయ సంహిత 303 కిందికి వచ్చింది. అందులో పోయిన వస్తువు విలువ ఐదు వేల లోపు ఉండి, చేసినవాడికి శిక్ష పడటం అదే మొదటిసారై, వస్తువు గానీ దాని విలువ గానీ తిరిగి ఇచ్చేస్తే సమాజ సేవే శిక్ష. పాత సైకిళ్ళు చాలావరకు ఆ ఐదు వేల లోపలే ఉంటాయి. అందుకని బిల్లు జాగ్రత్తగా దాచుకోండి, విలువ చూపించడానికి అదే కావాలి.

సైకిల్ దొరకలేదు. నెల తర్వాత మా వాడికి సెకండ్ హ్యాండ్‌లో ఒకటి, నాకు ల్యాబ్‌కి వెళ్ళడానికి ఒకటి కొన్నాం. ఈసారి సైకిల్ కన్నా ముందే తాళం చూడాలనుకున్నాను.

మా వీధి చివర సైకిల్ రిపేరు చేసే బాబాయి ఉన్నారు. నలభై ఏళ్ళుగా అదే రావిచెట్టు కింద కూర్చుంటారు. నేను షాపుల నుంచి ఆయన దగ్గరికి మూడు తాళాలు తీసుకెళ్ళాను. నచ్చకపోతే వెనక్కి ఇస్తానని ముందే మాట్లాడుకున్నాను. ఒకటి నాలుగు పలకల చైన్ లాక్, 700. ఒకటి 10 మిల్లీమీటర్ల యూ-లాక్, 850. మూడోది ఇది. బాబాయి ఒక్కోదాన్నీ చేత్తో ఎగరేసి పట్టుకున్నారు. "బరువు చూసి మోసపోకమ్మా, ఇనుము బరువే, సీసమూ బరువే," అని పెట్టెలోంచి ఆకురాయి తీశారు.

ఆ తర్వాత ఆయన చేసింది తాళం కొనే ప్రతివాళ్ళూ చూడాలి. యూ కడ్డీ చివర్లు తాళంలోకి దూరే చోట ప్లాస్టిక్ తొడుగు ఉండదు, ఉక్కు బయటికి కనిపిస్తుంది. అక్కడ అంచు మీద ఆకురాయి అంచు పెట్టి రెండుసార్లు గట్టిగా గీశారు. చైన్ లాక్ మీద గీస్తే గరగరమని కొరికింది, వేలికి మెత్తటి ఇనుప పొడి అంటుకుంది. 10 మిల్లీమీటర్ల దాని మీద కూడా కొద్దిగా కొరికింది. మూడోదాని మీద గీస్తే గాజు మీద మేకు జారినట్టు సన్నగా కీచుమంది, ఆకురాయి పక్కకి జారిపోయింది. వేలితో తడిమితే గీత లేదు, మసి మరక మాత్రమే. "ఇది పదును పెట్టిన ఉక్కు, అంటే కాల్చి గట్టిచేసింది. మిగతావి పచ్చి ఇనుము. కట్టర్ పళ్ళు దిగేది పచ్చి ఇనుములోకే," అన్నారు. ఆ మాట మీద కొన్నాను. ఆ రెండు తాళాలు వెనక్కి ఇచ్చేటప్పుడు గీతలు పడ్డ చైన్‌కి షాపతను వంద రూపాయలు పట్టుకున్నాడు. న్యాయమే.

లావు గురించి ఒక లెక్క చెప్తాను. చేత్తో పట్టుకుని వాడే మామూలు బోల్ట్ కట్టర్‌కి 10, 12 మిల్లీమీటర్ల కడ్డీ లొంగుతుంది. 14 దాటి, పదును పెట్టిన ఉక్కయితే కష్టపడాలి. 16 దాటితే పెద్ద కట్టర్ కూడా వెనక్కి తగ్గుతుంది. గ్రైండర్ మిషన్ పెడితే మాత్రం దాదాపు ఏదైనా తెగుతుంది. కాకపోతే గ్రైండర్‌కి చప్పుడుంటుంది, నిప్పురవ్వలుంటాయి, పది మంది తలతిప్పి చూస్తారు. ఇంకో సంగతి, కడ్డీ రెండు కాళ్ళూ తాళంలో బిగుసుకునే రకం తీసుకోండి. ఒక కాలే బిగిసే రకమైతే ఒక్కచోట కోసి, కడ్డీని తిప్పి లాగేయొచ్చు. రెండూ బిగిస్తే రెండు చోట్ల కోయాలి. నాది రెండూ బిగిసే రకమే. కొనేటప్పుడు తాళం వేసి, రెండు చివర్లూ విడివిడిగా పట్టి లాగి చూడండి, తెలిసిపోతుంది.

తాళంచెవి గుండ్రటి గొట్టంలా ఉంటే వద్దు. అమెరికాలో క్రిప్టోనైట్ అనే పేరున్న కంపెనీ యూ-లాక్‌లని 2004లో మామూలు ప్లాస్టిక్ పెన్ను గొట్టం దూర్చి తిప్పి తెరిచి చూపించారు. ఆ వీడియోలు బయటికొచ్చాక కంపెనీ ఆ తాళాలు వెనక్కి తీసుకుని వేరే రకం ఇచ్చింది. ఇప్పటికీ చౌక తాళాల్లో ఆ గుండ్రటి రకం కనిపిస్తూనే ఉంది. నా తాళంచెవి చదునుగా, రెండు వైపులా గాట్లతో ఉంటుంది. పెట్టె మీద, తాళాల గట్టితనం పరీక్షించి ఇచ్చే బ్రిటన్ వాళ్ళ సోల్డ్ సెక్యూర్ ముద్ర, బ్రాంజ్ నుంచి డైమండ్ దాకా ఏదో ఒకటి ఉంటే ఇంకా మంచిది. నాదానికి లేదు. ఆ ముద్ర ఉన్నవి కొనే శక్తి ఉంటే కొనండి.

ఇక ఉప్పుగాలి సంగతి. మొదటి మూడు నెలలు తాళం వెన్నలా తిరిగింది. జూన్ వానలు మొదలయ్యాక తాళంచెవి దూర్చితే ఇసుక నలిగినట్టు ఉండేది. ఆగస్టులో ఒక రోజు ల్యాబ్ ముందు తాళం అసలు తిరగలేదు. లోపల పేషెంట్లు లైన్లో ఉన్నారు, షుగర్ టెస్టులకి పరగడుపున వచ్చినవాళ్ళు. బయట నేను తాళంతో కుస్తీ. బలంగా తిప్పితే చెవి విరిగి లోపలే ఉండిపోతుందేమోనని టెన్షన్. చివరికి సైకిల్ అక్కడే వదిలేసి సాయంత్రం బాబాయిని తీసుకొచ్చాను. ఆయన చూసి, "ఏటమ్మా, నూనె పోశావా?" అన్నారు. పోశాను. గట్టిగా ఉందని కొబ్బరినూనె పోశాను. ఆ నూనెకి దుమ్ము, ఇసుక అంటుకుని లోపల జిడ్డు ముద్దయింది.

తుప్పు వదిలించే స్ప్రే రెండుసార్లు కొట్టి, చెవిని లోపలికీ బయటికీ ఆడించి, ప్రతిసారీ గుడ్డతో తుడిచారు. గుడ్డ మీద నల్లటి బురద వచ్చింది. అంతా ఆరాక మా వాడి పెన్సిల్ అడిగి, దాని ములుకుని తాళంచెవి గాట్ల మీద బాగా రుద్ది, చెవిని దూర్చి పది సార్లు తిప్పారు. పెన్సిల్‌లో ఉండే గ్రాఫైట్ పొడిగానే జారుడు ఇస్తుంది, దుమ్ముని పట్టుకోదు. అప్పటి నుంచి ప్రతి నెలా మొదటి ఆదివారం ఈ పని చేస్తున్నాను. రెండు నిమిషాలు కూడా పట్టదు. మళ్ళీ ఎప్పుడూ బిగుసుకోలేదు. తాళం వేసినప్పుడు చెవి రంధ్రం కిందికి చూసేలా పెడితే వాన నీళ్ళు లోపల నిలవవు. దొంగకి కూడా అక్కడ చేయి పెట్టడం కష్టం.

రంధ్రానికి జరిపే మూత ఒకటుంది. దాని స్ప్రింగు ఏడో నెలలో పోయింది. ఇప్పుడు మూత వేలాడుతూ ఉంటుంది. ఇది నిజంగా లోపమే, సముద్రం దగ్గరివాళ్ళకి ఆ మూతే ముఖ్యం. పాత ట్యూబు ముక్కని ఉంగరంలా కోసి దాని మీదికి తొడిగాను. బ్రాకెట్ అయితే రెండో నెలలోనే పగిలింది. చిన వాల్తేరు ఎత్తు దిగేటప్పుడు గతుకులకి తాళం ఊగి ఊగి దాని ప్లాస్టిక్ పట్టు విరిగిపోయింది. తాళం రోడ్డు మీద పడితే వెనకొచ్చే ఆటో అతను హారన్ కొట్టి చెప్పాడు. ఇప్పుడు వెనక క్యారియర్‌కి రెండు ట్యూబు ముక్కలతో బిగించి కడుతున్నాను. హ్యాండిల్‌కి మాత్రం వేలాడదీయకండి, మలుపు తిరిగేటప్పుడు మోకాలికి తగులుతుంది, చక్రంలో పడే ప్రమాదం కూడా ఉంది.

తాళానికి అసలు పరీక్ష 2025 ఫిబ్రవరిలో వచ్చింది. ఒక ఆదివారం సాయంత్రం మా చెల్లి కుటుంబంతో బీచ్ రోడ్డుకి వెళ్ళాం. నడకదారి పక్కన కాంక్రీటులో పాతిన లావాటి ఇనుప స్తంభం ఒకటి ఉంది. దానికి నా సైకిల్ వెనక చక్రం, ఫ్రేమ్ కలిపి యూ వేశాను. స్టీల్ తాడుని ముందు చక్రంలోంచి తీసి యూలో గుచ్చాను. మొక్కజొన్న పొత్తులు తిని, పిల్లలు అలల్లో ఆడుకుని, తిరిగొచ్చేసరికి ఎనిమిదయింది. స్టీల్ తాడు రెండు ముక్కలై నేల మీద ఉంది. నా గుండె ఝల్లుమంది. సైకిల్ మాత్రం అక్కడే ఉంది.

ఫోన్ లైటు వేసి చూశాను. యూ కడ్డీ వంపు దగ్గర నల్ల ప్లాస్టిక్ తొడుగు రెండు వైపులా చీలి, లోపలి ఉక్కు బయటపడింది. దాని మీద ఎదురెదురుగా రెండు గుర్తులు, గోరు గుచ్చితే పడే అర్ధచంద్రాల్లా, కొత్త రూపాయి బిళ్ళలా మెరుస్తున్నాయి. వేలిగోరు వాటి మీదుగా జారిస్తే కొద్దిగా తట్టుకుంటుంది, అంతే. అంత లోతే దిగింది. పక్కనే మరో జత గుర్తులున్నాయి, అంటే ఒకచోట దిగక కొంచెం జరిపి మళ్ళీ ప్రయత్నించారు. తాళం తీస్తే ఎప్పటిలాగే తిరిగింది. ఆ రాత్రి మా వాడు ఆ గుర్తుల మీద చాలాసేపు వేలు రాస్తూ కూర్చున్నాడు. "అప్పుడు మనకి ఇది ఉంటే బాగుండేది కదమ్మా," అన్నాడు.

తాడు అంత సులువుగా తెగినా ముందు చక్రం ఎందుకు పోలేదంటే, దానికి నట్లున్నాయి. ఈ రోజుల్లో గేర్ల సైకిళ్ళకి చక్రాన్ని చేత్తో విప్పే లివర్ ఇస్తున్నారు. లివర్ తిప్పితే పది సెకన్లలో చక్రం చేతికొస్తుంది. నా సైకిల్‌కి అది ఉంటే బాబాయి తీసేసి నట్లు బిగించారు, 120 రూపాయలయింది. సీటు లివర్ కూడా తీయించి ఎలన్ కీతో తిరిగే బోల్ట్ వేయించాను. ఆ బోల్ట్ తల గుంటలో చిన్న సైకిల్ గోళీ పెట్టి పైన ఎం-సీల్ పూశారు, ఇక అందులో కీ దూరదు. సీటు ఎత్తు మార్చాలంటే ఎం-సీల్ గీకాలి, నాకు మార్చే పని లేదు. ఈ రెండు మార్పులూ తాళం ఖరీదులో పదో వంతు కూడా కావు, తాళంతో పాటే చేయించుకోండి. పెట్టెలో వచ్చే స్టీల్ తాడుని మాత్రం నమ్ముకోవద్దు.

ఎక్కడ కట్టాలన్నదే నాకు రోజూ ఎదురయ్యే చిక్కు. మన ఊళ్ళల్లో పార్కింగ్ అంటే బైకులకి, కార్లకి గీసిన గీతలే. సైకిల్‌ని కట్టడానికి ఏమీ ఉండదు. కొన్ని పెద్ద షాపుల ముందు సైకిల్ స్టాండని ముందు చక్రం దూర్చే పొట్టి ఇనుప చట్రాలు పెట్టారు. వాటికి కడితే ముందు చక్రం ఒక్కటే తాళంలో ఉంటుంది. నట్లు విప్పి చక్రం అక్కడే వదిలేసి మిగతా సైకిల్ ఎత్తుకుపోవచ్చు. వీధిదీపం స్తంభాలు లావు, యూ పట్టదు. బోర్డు స్తంభాలకి సరిగ్గా పడుతుంది, కానీ కట్టేముందు ఒకసారి పట్టి ఊపి చూడండి. మా ల్యాబ్ సందులో ఒక స్తంభం అలా ఊపితే సిమెంటు దిమ్మతో సహా కదిలింది. స్తంభం పొట్టిదైతే సైకిల్‌ని తాళంతో సహా పైకెత్తి తీసేస్తారు, దాని కొసన బోర్డు ఉండాలి. సన్నటి గ్రిల్ ఊచలు తాళం కన్నా ముందే తెగుతాయి. చెట్లకి కట్టకండి, బెరడు ఒరుసుకుపోతుంది.

ఇంకొకటి, యూ లోపల ఎంత తక్కువ ఖాళీ ఉంటే అంత మంచిది. ఖాళీ ఉంటే అందులో గొట్టం దూర్చి మెలితిప్పుతారు, చిన్న జాకీ పెట్టి విడదీస్తారు. అందుకే పొడుగు యూ కన్నా పొట్టి యూ నయం. తాళం నేలకి ఆనకుండా పైన ఉండాలి. నేల మీదుంటే దాన్ని దిమ్మె మీద పెట్టినట్టు పెట్టి సుత్తితో కొట్టొచ్చు. అమెరికాలో సైకిల్ మెకానిక్‌గా పేరుపడ్డ షెల్డన్ బ్రౌన్ చెప్పిన పద్ధతి ఒకటుంది. వెనక చక్రానికి అటూ ఇటూ ఫ్రేమ్ కడ్డీలు త్రికోణంలా కలుస్తాయి; ఆ త్రికోణం లోపలికి వచ్చే చక్రం భాగాన్ని, స్తంభాన్ని కలిపి చిన్న యూ వేస్తే చాలనేవారు. చక్రం ఆ త్రికోణంలోంచి బయటికి రాదు కాబట్టి ఫ్రేమ్ కూడా చిక్కుకున్నట్టే. స్తంభం లావుగా ఉండి అన్నీ పట్టనప్పుడు నేను అలా వేస్తాను. వీలైనప్పుడు మాత్రం ఫ్రేమ్‌ని కూడా కలిపే వేస్తాను, అది నా తృప్తి.

ఈ తాళాలన్నీ చూస్తుంటే మా నాన్న సైకిల్ గుర్తొస్తుంది. నాన్న పోర్టులో పనిచేసేవారు. అట్లాస్ సైకిల్. వెనక చక్రానికి బిగించిన రింగ్ తాళం, టకామని పడేది. ఆ తాళంచెవి ఎప్పుడూ ఆయన మొలతాడుకే ఉండేది. సినిమాకి వెళ్తే హాలు పక్కన సైకిల్ స్టాండు, అక్కడ తాటాకు పాకలో ఒక మనిషి. హ్యాండిల్‌కి ఒక టోకెను కట్టి, అదే నంబరున్న రెండోది మన చేతిలో పెట్టేవాడు. టోకెను ఇవ్వందే సైకిల్ కదిలేది కాదు. ఇప్పుడు ఆలోచిస్తే ఆ రింగ్ తాళం చక్రం తిరగకుండా ఆపుతుందంతే, సైకిల్‌ని భుజాన వేసుకుని పోవడాన్ని ఆపలేదు. సైకిల్‌ని నిజంగా కాపాడింది ఆ పాకలోని మనిషి. ఇప్పుడు రైల్వే స్టేషన్లలో తప్ప అలాంటి స్టాండ్లు నాకు కనపడటం లేదు. ఉన్నచోట డబ్బులిచ్చి అక్కడే పెట్టుకోండి, పది రూపాయలకి చూసుకోకండి. నేను రైలుకి వెళ్ళిన రోజు యూ-లాక్ వేసి కూడా స్టాండులోనే పెడతాను. రింగ్ తాళాన్ని కూడా తీసిపారేయకండి. కూరల బండి దగ్గర రెండు నిమిషాలు ఆగినప్పుడు, సైకిల్ కళ్ళ ముందే ఉంటుంది కాబట్టి, దానికన్నా సులువైనది లేదు.

వస్తువు జాడ ఫోన్‌లో చూపించే బ్లూటూత్ ట్యాగ్ ఒకటి సీటు కింద దాస్తే సరిపోదా అని మా తమ్ముడు అడిగాడు. అది సొంతంగా ఎక్కడుందో చెప్పదు, దగ్గరలో వెళ్ళేవాళ్ళ ఫోన్ల ద్వారా చెప్తుంది. పైగా, తనది కాని ట్యాగ్ వెంట వస్తోందని దొంగ ఫోన్‌కే హెచ్చరిక వెళ్ళే అవకాశం ఉంది. తాళం వేసిన తర్వాత అదనంగా పెట్టుకోవచ్చు.

నా మార్కులు ఐదుకి నాలుగు. మూత స్ప్రింగుకి, బ్రాకెట్‌కి కలిపి ఒకటి తీసేశాను. నడుం నొప్పి ఉన్నవాళ్ళకి, సైకిల్‌ని మూడో అంతస్తుకి మోసుకెళ్ళేవాళ్ళకి ఈ బరువు ఇబ్బందే. రోజూ ఒకేచోట పెట్టేవాళ్ళు తాళాన్ని అక్కడి స్తంభానికే వదిలేసి రావచ్చు, ల్యాబ్ దగ్గర ఈ మధ్య నేను అదే చేస్తున్నాను. ఇంటికి ఇంకోటి కొన్నాను, అదే షాపులో, ఈసారి 1,800. తాళంచెవులతో వచ్చే చిన్న రేకు మీద నంబరుంటుంది, చెవి పోతే కొత్తది చేయించడానికి అదే కావాలి. దాన్ని కూడా ఫొటో తీసి, ఫ్రేమ్ నంబర్ ఫొటో, బిల్లు ఫొటోలతో కలిపి నాకు నేనే మెయిల్ పంపుకున్నాను.

మా వాడు ఈ జూన్‌లో ఇంటర్‌లో చేరాడు. కాలేజీకి సైకిల్ మీదే వెళ్తానన్నాడు. కాలేజీ తెరిచే ముందు రోజు నాన్న మా ఇంట్లోనే ఉన్నారు. కొత్త తాళాన్ని చేతిలోకి తీసుకుని బరువు చూశారు, తాళంచెవి దూర్చి రెండుసార్లు తిప్పి ఆ చప్పుడు విన్నారు. తర్వాత ఒక చెవిని రింగు నుంచి తీసి, తన సంచిలోంచి కొంచెం నల్లతాడు తెంపి గుచ్చి, "మొలతాడుకి కట్టుకోరా," అని వాడికిచ్చారు. వాడు దాన్ని కాలేజీ ఐడీ కార్డు ట్యాగుకి కట్టుకున్నాడు. నాన్న దగ్గరికి పిలిచి ఆ ముడిని పట్టి లాగి చూసి, విప్పి, తన పద్ధతిలో మళ్ళీ వేశారు.